గొట్టం లోపలి తేడా

1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్ముకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి జమ్ములో దిగాల్సింది పోయి లాహోర్‌లో దిగింది. ‘గంగ’ అని పేరు పెట్టుకున్న ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానం అది. ఇద్దరు కాశ్మీరీ యువకులు, ఒకడు పిస్తోలు చూపి, ఇంకొకడు గ్రెనేడ్ చూపి దాన్ని దారి మళ్ళించారు. ప్రయాణికుల్ని వదిలిపెట్టాక విమానాన్ని లాహోర్‌లోనే తగలబెట్టారు. ఫిబ్రవరి 4న మన ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలేవీ భారత గగనతలం మీదుగా ఎగరకూడదని నిషేధించింది. కరాచీ నుంచి ఢాకాకు పోవలసిన విమానం శ్రీలంక చుట్టూ తిరిగి పోవలసిన గతి పట్టింది. ఆ ఏడాది చివర్లో బంగ్లాదేశ్ యుద్ధం మొదలైనప్పుడు కూడా ఆ నిషేధం అమల్లోనే ఉంది.

ఇంతా చేసి ఆ పిస్తోలు ఆటబొమ్మ. గ్రెనేడ్ చెక్కతో చేసింది.

ఏడేళ్ళ తర్వాత, 1978 డిసెంబరు 20న, ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. లక్నో నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానాన్ని ఇద్దరు యువకులు బొమ్మ పిస్తోళ్ళతో వారణాసికి మళ్ళించారు. జైల్లో ఉన్న ఇందిరాగాంధీని విడుదల చేయాలన్నది వాళ్ళ కోరిక. తర్వాత వాళ్ళిద్దరూ కాంగ్రెస్ టికెట్ మీద ఉత్తరప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. అది రాజకీయ శాస్త్రం వాళ్ళు తేల్చుకోవలసిన విషయం కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

మనకు కావలసిన ప్రశ్న వేరు. నిజమైన తుపాకికీ నకలు తుపాకికీ మధ్య తేడా ఎంత? భౌతికశాస్త్రం ఇచ్చే జవాబు స్పష్టంగానే ఉంటుంది. వందల రెట్లు, కొన్ని లెక్కల్లో వేల రెట్లు. కానీ ఆ తేడా అంతా గొట్టం లోపల ఉంటుంది. తుపాకి ఎదురుగా నిలబడ్డ మనిషికి కనిపించేది గొట్టం బయటి భాగం. నకలు తుపాకుల చరిత్ర మొత్తం, వాటి మీద దేశదేశాల్లో వచ్చిన చట్టాలతో సహా, ఈ లోపలికీ బయటికీ మధ్యే నడిచింది.

ఎనిమిది బార్లు, రెండు వేల మూడు వందల బార్లు

ముందు లోపలికి వెళ్దాం. ప్రపంచంలో పోలీసులూ సైనికులూ ఎక్కువగా వాడే పిస్తోలు తూటా 9 మిల్లీమీటర్లది. ఇత్తడి గొట్టం లాంటి కేసు, దాని మూతికి బిగించిన సుమారు 8 గ్రాముల గుండు, లోపల మందు, అడుగున ప్రైమర్ అనే చిన్న గిన్నె. ట్రిగ్గర్ నొక్కితే ఒక సూది పోయి ప్రైమర్‌ను కొడుతుంది. ప్రైమర్ మండి మందును అంటిస్తుంది. మందు పేలిందంటాం గానీ నిజానికి అది చాలా వేగంగా మండుతుంది. ఆ మంటలో పుట్టిన వాయువుల వేడి రెండు వేల డిగ్రీలు దాటిపోతుంది, పీడనం సుమారు 2350 బార్ల దాకా ఎక్కుతుంది. అంటే మనం పీల్చే గాలి మన మీద మోపే ఒత్తిడికి రెండు వేల మూడు వందల రెట్లు. ఆ ఒత్తిడికి గుండు మిల్లీసెకను లోపే గొట్టం దాటి, సెకనుకు 350 మీటర్ల వేగంతో బయటపడుతుంది. గాలిలో ధ్వని వేగం కన్నా అది కాస్త ఎక్కువ.

ఇప్పుడు దాని పక్కన అచ్చుగుద్దినట్టు ఉండే ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలును పెట్టండి. జపాన్‌లో పుట్టి పెరిగిన సరదా ఇది. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళికను గాలి ఒత్తిడితో విసురుతుంది. కొన్నిటిలో స్ప్రింగు, కొన్నిటిలో బ్యాటరీ మోటారు, ఖరీదైన వాటిలో ద్రవరూపంలో నింపిన ప్రొపేన్. గది వేడిమిలో ప్రొపేన్ ఇచ్చే ఒత్తిడి ఎనిమిది బార్లకు అటూ ఇటూ. మన వంటింటి గ్యాస్ బండలో ఉండేదీ ఆ కుటుంబపు వాయువే, ఒత్తిడీ ఇంచుమించు ఆ స్థాయిదే. సోడాలో కలిపే కార్బన్ డయాక్సైడ్‌ను వాడే రకాలైతే 57 బార్ల దాకా పోతాయి. ఎలా చూసినా అసలు పిస్తోలు గదిలోని ఒత్తిడి ముందు ఇవి లెక్కలోకి రావు.

ఒత్తిడి నుంచి శక్తికి వద్దాం. బడిలో చదువుకున్న సూత్రమే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించాలి. 0.2 గ్రాముల ఎయిర్‌సాఫ్ట్ గుళిక సెకనుకు 100 మీటర్లు పోతే సరిగ్గా ఒక జౌల్. 8 గ్రాముల పిస్తోలు గుండు 350 మీటర్ల వేగంతో పోతే 490 జౌళ్ళు. ఏకే-47 తూటా అయితే రెండు వేల జౌళ్ళ దగ్గర ఉంటుంది.

మధ్యలో ఇంకో రెండు మెట్లున్నాయి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీకి వాడే ఎయిర్ రైఫిల్ ఏడున్నర జౌళ్ళ దగ్గర తిరుగుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది దానితోనే. రెండో మెట్టు పెయింట్‌బాల్. మూడు గ్రాముల రంగు గోళీ సెకనుకు 90 మీటర్ల వేగంతో వస్తే పన్నెండు జౌళ్ళు. అంటే ఒలింపిక్ రైఫిల్ కన్నా ఎక్కువ. అయినా పెయింట్‌బాల్ తగిలినవాడు బట్టలు దులుపుకుని నవ్వుతాడు, గాలి తుపాకి పెల్లెట్ తగిలినవాడు ఆసుపత్రికి పోతాడు.

ఈ వింతకు కారణం శక్తి ఎంత అన్నదాంట్లో లేదు, ఎంత చోటులో దిగింది అన్నదాంట్లో ఉంది. పెయింట్‌బాల్ పదిహేడు మిల్లీమీటర్ల వెడల్పున్న గోళీ, పైగా తగలగానే పగిలిపోతుంది. చదరపు సెంటీమీటరుకు అయిదు జౌళ్ళకు కాస్త పైన మాత్రమే పడుతుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల పెల్లెట్ తన కొద్దిపాటి శక్తినే చిన్న చుక్కలోకి దించుతుంది. అక్కడ చదరపు సెంటీమీటరుకు 47 జౌళ్ళు. 9 మిల్లీమీటర్ల గుండు దగ్గర లెక్క 770 దాకా పోతుంది. ఈ కొలత ప్రాముఖ్యాన్ని బాగా పట్టుకున్నది జపాన్. 2006లో చట్టం సవరించినప్పుడు వాళ్ళు ఎయిర్‌సాఫ్ట్‌కు పరిమితిని నేరుగా జౌళ్ళలో కాక చదరపు సెంటీమీటరుకు మూడున్నర జౌళ్ళు అని పెట్టారు. ఆరు మిల్లీమీటర్ల గుళికకు అది ఒక జౌల్ కన్నా వెంట్రుకవాసి తక్కువ. ఇంత తెలివిగా రాసిన చట్టాలు అరుదు. ఆ ఒక్క జౌల్ కూడా కంట్లో పడితే కన్ను పోతుంది, అందుకే ఆ ఆట ఆడేవాళ్ళు కళ్ళజోడు లేకుండా మైదానంలో అడుగు పెట్టకూడదు.

గొట్టం లోపల ఇంకో తేడా ఉంది, నా మటుకు అన్నిటికన్నా అందమైనది అదే. అసలు తుపాకి గొట్టం లోపలి గోడ నున్నగా ఉండదు. మెలి తిరుగుతూ పోయే గాళ్ళు తొలిచి ఉంటాయి. గుండు వాటిలో ఇరుక్కుని తిరుగుతూ బయటికొస్తుంది. చాలా 9 మిల్లీమీటర్ల పిస్తోళ్ళలో పాతిక సెంటీమీటర్లకు ఒక చుట్టు. అంటే సెకనుకు 1400 చుట్లు. పొడుగ్గా ఉన్న గుండు గాలిలో దొర్లకుండా ముక్కు ముందుకే పెట్టుకుని పోవడానికి ఈ తిరుగుడే ఆధారం. తాను పోయే దిశనే ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది.

ఎయిర్‌సాఫ్ట్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుళిక గోళాకారం, దానికి ముక్కూ లేదు వెనకా లేదు, దొర్లితే నష్టం లేదు. దాని కష్టం వేరు: తేలిక కావడం వల్ల నాలుగడుగులు పోగానే కిందికి వాలిపోతుంది. అందుకని గొట్టం మొదట్లో పైనుంచి చిన్న రబ్బరు బుడిపె ఒకటి దిగి ఉంటుంది. గుళిక దాన్ని రాసుకుంటూ పోవడంతో వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరుగుతూ ముందుకు పోయే బంతి పైన గాలి త్వరగా, కింద నెమ్మదిగా జారుతుంది. ఫలితంగా బంతిని పైకి లేపే బలం పుడుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిష్ మాగ్నస్ పరిశోధించిన ప్రభావం ఇది. గుళిక కాసేపు గురుత్వాకర్షణను లెక్కచేయకుండా తిన్నగా పోతుంది. బయటికి కవలల్లా కనిపించే రెండు వస్తువుల్లో ఒకటి బొంగరం సూత్రంతో, ఇంకొకటి స్పిన్ బౌలర్ల సూత్రంతో పనిచేస్తున్నాయన్నమాట.

బరువు చెప్పే సాక్ష్యం

ఒకప్పుడు చేతిలోకి తీసుకుంటే తెలిసిపోయేది. ఉక్కు పిస్తోలు బరువు, రేకు బొమ్మ తేలిక. 1980లలో ఆస్ట్రియా నుంచి గ్లాక్ 17 వచ్చి ఈ గుర్తును చెరిపేసింది. దాని చట్రం పాలిమర్, అంటే ఒక రకం ప్లాస్టిక్. విమానాశ్రయాల్లో పట్టుబడని ప్లాస్టిక్ తుపాకి వచ్చేసిందని అమెరికాలో గగ్గోలు పుట్టింది. నిజానికి స్లైడూ గొట్టమూ ఉక్కువే, బరువులో ఎక్కువ భాగం లోహమే. అయినా ఖాళీ మ్యాగజైన్‌తో కలిపి మొత్తం 700 గ్రాములే తూగుతుంది. లోహపు స్లైడు వేసిన ఎయిర్‌సాఫ్ట్ నకలు కూడా అంతే తూగుతుంది. అసలుది తేలికైంది, నకలు బరువెక్కింది, రెండూ ఒకచోట కలిశాయి.

తయారీదారులు కూడా ఒకచోట కలిశారు. జర్మనీలో ఊమారెక్స్ అనే సంస్థ ఉంది. ఖాళీ తూటాల పిస్తోళ్ళతో, గాలి తుపాకులతో పెరిగిన సంస్థ. 1993లో అది జేమ్స్ బాండ్ చేతిలోని పిస్తోలు తయారు చేసే వాల్టర్ కంపెనీని కొనేసింది. నకళ్ళు చేసేవాడు అసలువాడికి యజమాని అయ్యాడు. ఇప్పుడు చాలా నకళ్ళ మీద అసలు కంపెనీ ముద్ర, లైసెన్సుతో సహా, ఉంటుంది.

లోపలి లోహం మాత్రం ఇంకా అబద్ధం ఆడదు. అసలు గొట్టం ఉక్కు. దాన్ని అమ్మకానికి ముందు మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో కాల్చి పరీక్షించి ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఇందుకోసం 1813లో పెట్టిన ప్రూఫ్ హౌస్ ఇప్పటికీ నడుస్తోంది. నకళ్ళలో వాడే లోహం చాలావరకు జింకు మిశ్రమం. 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది కాబట్టి అచ్చుల్లో పోయడానికి సులువు. అయస్కాంతం దానికి అంటుకోదు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత మిగిలిపోతుంది. మూతి 9 మిల్లీమీటర్లున్నట్టే కనిపిస్తుంది గానీ కొంచెం లోపలికి చూస్తే ఆరు మిల్లీమీటర్ల సన్నని గొట్టం ఇంకొకటి ఉంటుంది. ఫోరెన్సిక్ లేబొరేటరీలో బల్ల మీద పెట్టుకుని చూసేవాడికి నకలును పట్టుకోవడం పెద్ద పని కాదు. తుపాకి కేసుల్లో కోర్టు ఆ నిపుణుణ్ణి అడిగేది ఒకటే: ఇది పేలే స్థితిలో ఉన్న ఆయుధమా, కాదా?

ఇక్కడ జపాన్‌ను మళ్ళీ తలచుకోవాలి. మామూలు పౌరుడికి పిస్తోలు దొరకడం దాదాపు అసాధ్యమైన ఆ దేశంలో 1960ల నుంచి లోహపు నమూనా తుపాకులు విపరీతంగా అమ్ముడయ్యాయి. 1971 సవరణతో లోహపు పిస్తోలు నమూనాలకు తెలుపో పసుపో రంగు ఉండాలని, గొట్టం పూడ్చి ఉండాలని నియమం వచ్చింది. 1977లో నియమాలు లోపలి నిర్మాణంలోకీ లోహం గట్టితనంలోకీ పోయాయి. బయట రంగు, లోపల మెత్తదనం: చట్టం రెండు వైపుల నుంచీ తేడాను కాపాడాలని చూసింది.

అసలుకు నకలుకు మధ్య గోడ దాటినవి రెండు వైపులా ఉన్నాయి. మన కాలేజీల్లో ఎన్‌సీసీ క్యాడెట్లు కవాతుకు భుజాన వేసుకునే డీపీ రైఫిళ్ళు ఒకప్పటి నిజమైన తుపాకులే. కాల్చడానికి పనికిరాకుండా చేసి డ్రిల్లుకు కేటాయించినవి. ఇంకోవైపు ఇటలీలో బ్రెషియా ప్రాంతంలో పీయెట్టా, ఊబెర్టీ లాంటి సంస్థలున్నాయి. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్ళు నిండే రోజుల్లో ఆనాటి కోల్ట్ రివాల్వర్ల నకళ్ళకు గిరాకీ పుట్టడంతో ఈ వ్యాపారం ఊపందుకుంది. కౌబాయ్ సినిమాలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. మనకూ 1971లో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’తో ఆ రివాల్వర్ మోజు తగులుకుంది. ఇటలీ వాళ్ళు చేసేవి పేరుకు నకళ్ళు. కానీ ఉక్కు అసలు ఉక్కే, తూటా వేస్తే అసలు తూటాలాగే పోతుంది.

గుండు లేని తూటా

2021 అక్టోబరు 21న న్యూమెక్సికోలో ‘రస్ట్’ సినిమా రిహార్సల్‌లో నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలో ఉన్నది అలాంటి పీయెట్టా రివాల్వరే. అందులో ఉండకూడని నిజమైన తూటా ఉంది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది, దర్శకుడు గాయపడ్డాడు.

షూటింగుల్లో మూడు రకాల తూటాలు తిరుగుతాయి. డమ్మీలో గుండు ఉంటుంది, మందు ఉండదు. కెమెరాకు దగ్గరగా చూపించడానికి అది. నిపుణులు లోపల చిన్న ఉక్కు గోళీ వేస్తారు, చెవి దగ్గర ఊపితే గలగలలాడుతుంది. బ్లాంక్‌లో మందు ఉంటుంది, గుండు ఉండదు. మంటా పొగా చప్పుడూ కోసం అది. మూడోది నిజమైనది, అది సెట్టు దరిదాపులకు రాకూడదు. దూరం నుంచి చూస్తే మొదటిదీ మూడోదీ ఒకేలా ఉంటాయి.

బ్లాంక్‌ను జనం తేలిగ్గా తీసుకుంటారు. గుండు లేదు కదా, ఏమవుతుందని. 1984లో అమెరికన్ టీవీ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో వేళాకోళానికి బ్లాంకుల రివాల్వర్‌ను కణతకు ఆనించి నొక్కాడు. గొట్టం లోంచి వచ్చిన వాయువు ధాటికే పుర్రె ఎముక విరిగి లోపలికి పోయింది. కొద్ది రోజుల్లో చనిపోయాడు. గుండు లేకపోయినా వందల బార్ల ఒత్తిడిలో ఉన్న వేడి వాయువు ఉంటుంది. కొన్ని అంగుళాల దూరంలో అదే గుండు పని చేస్తుంది. మీటర్ల దూరం పోతే విచ్చిపోయి చల్లారిపోతుంది.

1993 మార్చి 31న బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ ‘ది క్రో’ చిత్రీకరణలో చనిపోయిన తీరు ఇంకా విచిత్రం. అంతకుముందు ఓ దృశ్యం కోసం నిజమైన తూటాల్లో మందు తీసేసి డమ్మీలు చేశారు. ప్రైమర్ మాత్రం ఉండిపోయింది. ఎప్పుడో ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ చిటికెడు ప్రైమర్ గుండును కేసు లోంచి తోసి గొట్టంలో ఇరికించి ఆగిపోయింది. ఎవరూ గొట్టంలోకి చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ వేశారు. ఒకదాంట్లో గుండు మిగిలింది, ఇంకొకదాంట్లో మందు వచ్చింది, రెండు నకలు తూటాలు కలిసి ఒక అసలు తూటా అయ్యాయి.

దీపావళి తుపాకిని ఈ వరసలో చివరన పెట్టాలి. రీలు మీద చుక్కలు చుక్కలుగా అతికించిన మందు ఒక దెబ్బకు పేలుతుంది. ఆ చప్పుడు తోసేది ఏమీ లేదు, గాలిని తప్ప. బాల్యంలో అందరికీ చేతికొచ్చిన తుపాకి ఇదే అయినా, చెవికి ఆనించి పేలిస్తే వినికిడికి నిజమైన హాని చేస్తుంది. ఆ సంగతి రీళ్ళ డబ్బా మీద పెద్దక్షరాలతో రాస్తే బావుండేది.

చూసేవాడి కన్ను

ఇక గొట్టం బయటికి వద్దాం. తుపాకిని చూసిన మనిషి కన్ను ఏం చేస్తుంది? 1987లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఫలహారశాలలో వరసలో నిలబడ్డ మనిషి స్లైడ్లు కొందరికి చూపించారు. ఒక జట్టుకు చూపిన బొమ్మల్లో అతను క్యాషియర్‌కు చెక్కు ఇస్తుంటాడు, ఇంకో జట్టుకు చూపిన వాటిలో తుపాకి చూపిస్తుంటాడు. చూసేవాళ్ళ కనుపాప కదలికల్ని కొలిచారు. తుపాకి మీద చూపు ఎక్కువసార్లు ఆగింది, ఎక్కువసేపు ఆగింది. తర్వాత ఆ మనిషి ముఖం గుర్తుపట్టమంటే తుపాకి చూసిన జట్టు వెనకబడింది. బ్యాంకు దోపిడీ సాక్షులు తుపాకిని బాగా వర్ణించి, దొంగ మీసం ఉన్నవాడో లేనివాడో చెప్పలేకపోవడానికి ఇది ఒక కారణం.

ఇదంతా చూస్తే, కన్ను తుపాకి దగ్గర అంతసేపు ఆగుతుంది కదా, అసలుదో నకలుదో పట్టేయాలి కదా అనిపిస్తుంది. పట్టలేదు. భయంలో కన్ను పరిశీలించదు, అతుక్కుపోతుంది. పైగా తుపాకి ఆకారాన్ని మెదడు రెండు మూడు గీతల్లోనే గుర్తుపడుతుంది: ఒక గొట్టం, ఒక పిడి, ఒక కోణం. అమెరికన్ బ్యాంకు దొంగ జాన్ డిల్లింజర్ 1934 మార్చి 3న ఇండియానాలోని క్రౌన్ పాయింట్ జైలు నుంచి చెక్క పిస్తోలుకు నల్ల పాలిష్ పట్టించి, కాపలావాళ్ళను బెదిరించి పారిపోయాడని కథ. నిజంగా చెక్కదేనా, ఎవరైనా అసలుది అందించారా అన్న వాదన ఇంకా తెగలేదు. తెగకపోవడమే నాకు ముఖ్యంగా తోస్తుంది. చెక్కదైనా పని జరిగేదన్న విషయంలో మాత్రం వాదించినవాళ్ళు లేరు. అంతకు చాలా ముందే, 1780 డిసెంబరులో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో కల్నల్ విలియం వాషింగ్టన్ దక్షిణ కరోలినాలో ఒక దేవదారు దుంగను ఫిరంగిలా బండి మీద నిలబెట్టి, ఒక కొట్టంలో దాక్కున్న వంద మందికి పైగా శత్రువుల్ని లొంగదీశాడు. దుంగను చూసి ఒక్క గుండూ పేలకుండానే తలుపులు తెరుచుకున్నాయి.

మెదడు తొందరలో ఉన్నప్పుడు తప్పులు ఒకే వైపు మొగ్గుతాయన్నది ఇంకా బాధాకరమైన విషయం. 2001లో కీత్ పేన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెరమీద ఒక ముఖాన్ని సెకనులో అయిదో వంతు చూపించి, వెంటనే ఒక వస్తువును చూపించాడు. అది తుపాకా, పనిముట్టా చెప్పాలి. జవాబుకు ఇచ్చిన సమయం అర సెకను. ముందు నల్లజాతి ముఖం కనిపించినప్పుడు పనిముట్టును తుపాకి అని పొరబడడం ఎక్కువైంది. తీరిగ్గా ఆలోచించి చెప్పమంటే తప్పులు బాగా తగ్గాయి.

2014 నవంబరు 22న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఈ ప్రయోగశాల లెక్క రోడ్డు మీద జరిగింది. పార్కులో పన్నెండేళ్ళ నల్లజాతి బాలుడు ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. ఫోన్ చేసిన వ్యక్తి, అది బహుశా ఉత్తిదేమో, అతను బహుశా పిల్లవాడేమో అని చెప్పాడు. ఆ రెండు మాటలూ కారులో వస్తున్న పోలీసులకు చేరలేదు. కారు ఆగిన రెండు సెకన్లలోపు బాలుడికి తూటా తగిలింది. పిస్తోలు మూతికి ఉండవలసిన నారింజ రంగు కొస ఊడిపోయి ఉంది.

రంగు పూసే చట్టాలు

ఆ నారింజ కొసకు ఒక చరిత్ర ఉంది. 1987 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో ఒక టీవీ స్టేషన్‌లో వార్తలు ప్రత్యక్ష ప్రసారం అవుతుండగా ఒకడు లోపలికి దూరి వినియోగదారుల విలేఖరి డేవిడ్ హారోవిట్జ్‌కు తుపాకి గురిపెట్టి తన కాగితం చదివించాడు. తర్వాత చూస్తే అది గుళికలు కూడా లేని గాలి తుపాకి. హారోవిట్జ్ ఆ తర్వాత అసలును పోలిన బొమ్మల మీద ఉద్యమమే నడిపాడు. 1988లో అమెరికా సమాఖ్య చట్టం చేసింది, 1989 మే నుంచి బొమ్మ తుపాకుల మూతికి మెరిసే నారింజ గుర్తు తప్పనిసరైంది. వీడియో గేముల కంపెనీ నింటెండో బూడిద రంగులో అమ్ముతున్న తన ఆట తుపాకిని ఆ రోజుల్లోనే నారింజలోకి మార్చేసింది. అయితే గాలి తుపాకులకు, పెయింట్‌బాల్ తుపాకులకు మినహాయింపు ఇచ్చారు. హారోవిట్జ్ మీద గురిపెట్టిన లాంటిదాన్నే చట్టం వదిలేసిందన్నమాట.

బ్రిటన్ ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. 2006 చట్టం, 2007 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చి, అసలును పోలిన నకళ్ళు తయారు చేయడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, గులాబీ, ఊదా, నీలం రంగుల్లో మెరుస్తూనో పారదర్శకంగానో ఉంటే సరే. లేదా 38 మిల్లీమీటర్ల ఎత్తు, 70 మిల్లీమీటర్ల పొడవు కన్నా చిన్నదైనా సరే. సినిమావాళ్ళకు, మ్యూజియాలకు, పాత యుద్ధాలను మళ్ళీ ఆడి చూపే బృందాలకు మినహాయింపు. 1870కి ముందటి నమూనాలను అసలు పట్టించుకోలేదు. ఎదుటివాడి కంటికి ఎలా కనిపిస్తుందన్నదే ఇక్కడ కొలత.

ఈ ఆలోచన మొత్తానికి ఒక పెద్ద చిల్లు ఉంది. రంగు బొమ్మల సొత్తు కాదు. 2021లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక సంస్థ నిజమైన గ్లాక్‌కు ఎర్ర, పసుపు, నీలం లెగో ముక్కలు తొడిగి అమ్మకానికి పెట్టింది. లెగో కంపెనీ నోటీసు పంపాక ఆపేసింది. 2013లో త్రీడీ ప్రింటర్‌తో చేసిన ‘లిబరేటర్’ అనే ప్లాస్టిక్ పిస్తోలు వచ్చింది. చూడ్డానికి ఎవరి పిల్లలో పారేసిన బొమ్మలా ఉంటుంది, తూటా మాత్రం పేలుస్తుంది. అదే ఏడాది ఇజ్రాయెల్ టీవీ విలేఖరులు దాన్ని పార్లమెంటు భవనంలోకి తీసుకుపోయి చూపించారు. నారింజ కొస చూసి పోలీసు చెయ్యి దించితే, రేపు దొంగ తన అసలు తుపాకికి నారింజ రంగు పూస్తాడు. ఈ ముడి విప్పిన చట్టం ఇంతవరకు లేదు, వస్తుందని నాకు నమ్మకమూ లేదు.

మన ఆయుధ చట్టం 1959 నాటిది. నకలు తుపాకిని అసలు తుపాకిగా మార్చడాన్ని లైసెన్సు లేకుండా చేయకూడదని అందులో ఆరో సెక్షన్ అంటుంది. నకలు అంటే ఏమిటో కూడా అక్కడే ఉంది: తుపాకిలా కనిపించే ఏదైనా సరే, అది గుండు విసరగలదా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. 2016 ఆయుధ నియమాలు మాత్రం గొట్టం లోపలి లెక్కనే పట్టుకున్నాయి. 20 జౌళ్ళు దాటినా, గొట్టం వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు దాటినా గాలి తుపాకికి లైసెన్సు కావాలి. ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కాల్చే తుపాకి ఆ గీతకు ఇవతలే. విమానాశ్రయంలో మాత్రం జౌళ్ళు అడగరు. చేతిసంచిలో పిల్లవాడి బొమ్మ తుపాకి కనిపించినా పక్కన పెట్టేస్తారు. గంగ విమానం కథ తెలిసినవాళ్ళు దానికి అభ్యంతరం చెప్పలేరు.

నకలును ఎంతదాకా సన్నగా చెక్కవచ్చో ఒక కేసు తేల్చింది. ఇంగ్లాండులో ఒకడు తెల్లవారుజామున ఒక ఇంట్లో దూరి, కోటు లోపల వేళ్ళను తుపాకిలా నిక్కబొడిచి, డబ్బూ నగలూ ఇవ్వమని బెదిరించాడు. ఇంటాయన నిజం తుపాకే అనుకుని ఇచ్చేశాడు. కింది కోర్టుల్లో దోపిడీతో పాటు నకలు తుపాకి దగ్గర ఉంచుకున్న నేరం కూడా పడింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. 2005లో న్యాయమూర్తులు రెండో నేరాన్ని కొట్టేశారు. నకలు తుపాకి ఒకడి దగ్గర ఉందనాలంటే అది వాడి నుంచి వేరుగా ఉండే వస్తువై ఉండాలి, సొంత వేళ్ళు అలాంటివి కావన్నారు. నేరానికి వాడిన వస్తువును జప్తు చేసే అధికారం కోర్టుకు ఉంటుంది కాబట్టి, వేళ్ళను వస్తువుగా ఒప్పుకుంటే వాటినీ జప్తు చేయమని ఉత్తర్వు ఇచ్చే వీలు కూడా ఉంటుందని లార్డ్ బింగమ్ తీర్పులో గుర్తుచేశాడు. దోపిడీ నేరం మాత్రం అలాగే నిలిచింది.